ఎన్‌పీపీఎల్, ఎల్‌ఏపీఎల్, పీపీఎల్: బ్రిటన్‌లో సరదాగా విమానం నడిపేవారికి ఏది మేలు?

"నా దగ్గర ఎన్‌పీపీఎల్ ఉంది. దీన్ని యూరప్ లైసెన్సుగా మార్చుకోవచ్చా?" బ్రిటన్ ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఈ ప్రశ్న పదేళ్లకు పైగా నలుగుతోంది. అక్కడ స్థిరపడి వారాంతాల్లో చిన్న విమానం నడపడం నేర్చుకుంటున్న మనవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, ఏ సంవత్సరంలో తెలుసుకున్నారో ఆనాటి నిబంధన చెబుతున్నారు.

ఎన్‌పీపీఎల్ (నేషనల్ ప్రైవేట్ పైలట్ లైసెన్స్) బ్రిటన్ సొంత లైసెన్సు. 2002లో తెచ్చారు. ఇంజిన్ ఒక్కటే ఉన్న మామూలు విమానానికి కనీసం 32 గంటల శిక్షణ చాలన్నారు, మైక్రోలైట్ అనే అతి తేలికపాటి విమానానికైతే 25 గంటలు. ఆ తరువాత యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ తన సొంత నిబంధనలు తెచ్చింది. అవి 2012లో అమల్లోకి వచ్చాయి. వాటిలో సరదా పైలట్ల కోసం పెట్టిందే ఎల్‌ఏపీఎల్ (లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ పైలట్ లైసెన్స్): కనీసం 30 గంటలు, 2,000 కిలోల లోపు విమానం, పైలట్‌తో కలిపి నలుగురికి మించకూడదు. పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్)కు 45 గంటలు కావాలి.

టెన్షన్ మొదలైంది ఇక్కడే. సెస్నా 152, పైపర్ పీఏ-28 లాంటి చిన్న విమానాలు ఈఏఎస్‌ఏ పరిధిలో ఉండేవి. టైగర్ మాత్ లాంటి పాతవి, ఇంట్లో కట్టుకున్నవి, మైక్రోలైట్లు ఆ పరిధికి బయట ఉండేవి. బయట ఉన్నవాటికి ఎన్‌పీపీఎల్ ఎప్పటికీ సరిపోతుంది. లోపల ఉన్నవాటికి మాత్రం గడువులోగా లైసెన్సు మార్చుకోవాలన్నారు. గడువు మొదట 2015 ఏప్రిల్ 8 అన్నారు, తరువాత 2018 అన్నారు, ఆ పైన మళ్లీ జరిపారు. తొందరపడి ఫీజు కట్టి మార్చుకున్నవాళ్లూ ఉన్నారు, ఆగి చూసినవాళ్లూ ఉన్నారు. ఇంతలో బ్రెగ్జిట్ వచ్చింది. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ ఇచ్చిన లైసెన్సుకు యూరోపియన్ యూనియన్‌లో యూరప్ లైసెన్సుగా ఉన్న గుర్తింపు పోయింది. బ్రిటన్ ఇచ్చే ఎల్‌ఏపీఎల్ పేరు అదే అయినా, యూరప్ ఎల్‌ఏపీఎల్‌తో దానికి చట్టపరంగా సంబంధం లేదు. ఇది తెలియక ఇప్పటికీ చాలామంది "ఎల్‌ఏపీఎల్ తీసుకుంటే ఫ్రాన్స్ వెళ్లొచ్చు కదా" అంటున్నారు. అది పాత మాట.

కాబట్టి లైసెన్సు పేరు కంటే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. మీరు నడిపే విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయింది? ఏ గగనతలంలో ఎగరాలి? ఏ మెడికల్ (ఆరోగ్య ధ్రువపత్రం) మీకు దొరుకుతుంది?

విమానం మీద జి అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్, అంటే బ్రిటన్ రిజిస్ట్రేషన్ ఉండి, మీరు బ్రిటన్ దాటరనుకుందాం. అప్పుడు ఎన్‌పీపీఎల్ మార్చుకోవాల్సిన పనే లేదు. బ్రెగ్జిట్ తరువాత బ్రిటన్ లోపల దానితోనే సెస్నాలూ పైపర్లూ సరదాకు నడపనిస్తున్నారు. 2016 నుంచి ఆరోగ్యం బాగుందని పైలట్ స్వయంగా డిక్లరేషన్ ఇచ్చుకునే వీలుంది, డాక్టరు చుట్టూ తిరగక్కర్లేదు. యాభై అరవై దాటి చిన్న జబ్బులతో మందులు వాడేవాళ్లకు ఇది నిజంగా పెద్ద ఊరట. అయితే డిక్లరేషన్ ఇవ్వకూడని జబ్బులు కొన్ని ఉన్నాయి, ఆ జాబితా చదివాకే సంతకం పెట్టాలి.

ఇప్పటికే ఎన్‌పీపీఎల్ ఉన్నవాళ్లకు బ్రిటన్ ఎల్‌ఏపీఎల్ వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణాలను ఈ రెండూ అందుకోవు. కాబట్టి ఇంకో దేశ గగనతలంలోకి వెళ్లాలంటే రెండింటికీ ఆ దేశం విడిగా అనుమతి ఇవ్వాల్సిందే.

ఐర్లండ్‌కో జర్మనీకో ఉద్యోగం మీద మారిపోతుంటే మాత్రం యూరప్ ఎల్‌ఏపీఎల్ సంగతి వేరు. అది ఈఏఎస్‌ఏ దేశాలన్నింటిలో చెల్లుతుంది. పాత అనుభవం పూర్తిగా వృథా కాదు: మీరు కమాండర్‌గా (విమానానికి బాధ్యత వహించే పైలట్‌గా) ఎగిరిన గంటలు చూసి, ఒక ప్రవేశ పరీక్ష ఫ్లయిట్ పెట్టి, కావలసిన గంటల్లో సగం వరకు ఫ్లయింగ్ స్కూలు తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలన్నది స్కూలు నిర్ణయం. కొత్తగా లైసెన్సు వచ్చాక కమాండర్‌గా 10 గంటలు పూర్తయ్యేదాకా ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. ఇంకో చిక్కు, దీని చెల్లుబాటుకు కాగితం మీద ముగింపు తేదీ ఉండదు. ఎగిరే రోజున వెనక్కి చూస్తే గత 24 నెలల్లో 12 గంటలు, 12 టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు, ఇన్‌స్ట్రక్టర్‌తో కనీసం గంట ఉండాలి. లాగ్‌బుక్ మీరే లెక్క చూసుకోవాలి. అంత శ్రద్ధ లేనివాళ్లకు పీపీఎల్ మీద రాసి ఉండే రెండేళ్ల గడువే నయం.

నన్నడిగితే, ఎప్పుడో ఒకప్పుడు ఇంగ్లిష్ చానల్ దాటాలని మనసులో ఉన్నవాళ్లు పీపీఎల్‌కే వెళ్లాలి. అది ఐకావో ప్రమాణాలకు తగ్గ లైసెన్సు. జి రిజిస్ట్రేషన్ విమానంలో ఫ్రాన్స్, బెల్జియం వెళ్లి రావడానికి బ్రిటన్ పీపీఎల్ చాలు, మార్పిడి అక్కర్లేదు. చాలామంది అనవసరంగా భయపడేది ఇక్కడే. అక్కడ రిజిస్టర్ అయిన విమానం అద్దెకు తీసుకోవాలంటేనే యూరప్ లైసెన్సు కావాలి. అప్పుడు కూడా పీపీఎల్ ఉన్నవాళ్లకు దారి స్పష్టంగా ఉంది: కనీసం 100 గంటల అనుభవం, విమాన చట్టం, మానవ సామర్థ్యం అనే రెండు సబ్జెక్టుల్లో పరిజ్ఞానం నిరూపించడం, స్కిల్ టెస్ట్ (విమానం నడిపి చూపే పరీక్ష), భాషా ప్రావీణ్యం, యూరప్ క్లాస్ 2 మెడికల్ (ప్రైవేట్ పైలట్లకు ఏవియేషన్ డాక్టర్ పరీక్షించి ఇచ్చే ధ్రువపత్రం). ఎన్‌పీపీఎల్ ఉన్నవాళ్లకు ఇలాంటి నేరు దారి లేదు.

ఒక్క జాగ్రత్త. పీపీఎల్ ఉన్నా, ఆరోగ్య డిక్లరేషన్ మీద ఎగురుతుంటే మీ హద్దు బ్రిటన్ గగనతలమే. సరిహద్దు దాటాలంటే క్లాస్ 2 మెడికల్ ఉండాలి. అది నలభై లోపు వాళ్లకు ఐదేళ్లు, యాభై వరకు రెండేళ్లు, ఆ పైన ఏడాది చెల్లుతుంది. అందుకే పీపీఎల్ శిక్షణకు డబ్బు కట్టకముందే ఏవియేషన్ డాక్టర్ దగ్గర క్లాస్ 2 పరీక్ష చేయించుకోండి. అందులో ఇబ్బంది తేలితే, ఆ డబ్బు మీ ఎన్‌పీపీఎల్ మీద మరిన్ని గంటలు ఎగరడానికి పనికొస్తుంది.