వేసవి పరిశోధనకు అకాడమీ ఫెలోషిప్పా, ఐఐటీనా, జర్మనీనా?

ఏటా దసరా దాటగానే భూవిజ్ఞానం చదివే డిగ్రీ, బీటెక్ విద్యార్థుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టాలా, ఐఐటీల వేసవి ఇంటర్న్‌షిప్‌కు పెట్టాలా, జర్మనీలో వేసవి పరిశోధనకు అక్కడి డాడ్ సంస్థ ఇచ్చే డాడ్-వైజ్ స్కాలర్‌షిప్ కోసం ప్రయత్నించాలా అని. వెంటనే స్టయిపెండ్ సంగతి అడుగుతారు. అది ముందే తేల్చేస్తాను. మొదటి రెండింట్లో వచ్చే డబ్బు హాస్టలుకు, మెస్సుకు సరిపోతే సంతోషించాలి. అకాడమీలు రైలు చార్జీ కూడా ఇస్తాయి కాబట్టి ఆ మేరకు మెరుగు. డబ్బు వెనకేసుకోవాలనుకునేవారు వేసవికి వేరే పని చూసుకోవడం మంచిది.

నేను మొదట చూసేది వేరు. మీరు చేరే రోజుకు మీ పనికి కావలసిన రాతి నమూనాలు ప్రయోగశాలకు వచ్చి ఉన్నాయా, లేదా?

భూవిజ్ఞానంలో ఎనిమిది వారాలు ఏ మూలకూ చాలవు. రాతి వయసు కట్టే పనినే తీసుకోండి. రాయిని పొడి చేయాలి. బరువైన ద్రవంలో వేసి పైకి తేలే ఖనిజాలను తీసేయాలి. అయస్కాంతంతో మరోసారి వేరు చేయాలి. మైక్రోస్కోపు కింద, వయసు చెప్పే జిర్కాన్ అనే ఖనిజపు గింజలను ఒక్కొక్కటిగా ఏరి, రెసిన్‌లో పొదిగి, నునుపు చేసి, వాటి లోపలి పొరలను ఫోటో తీయాలి. పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ వంతు ఇదంతా అయ్యాకే. ఆ యంత్రం కోసం పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎప్పటినుంచో వరుసలో ఉంటారు, వేసవి విద్యార్థి పేరు ఆ వరుస చివర చేరుతుంది. గొప్ప పేరున్న ప్రయోగశాలకు వెళ్లి, రెండు నెలలూ రాళ్లు దంచి, ఒక్క రాతి వయసైనా చూడకుండా తిరిగొచ్చిన అమ్మాయి నాకు తెలుసు. రాళ్లు దంచడమూ నేర్చుకోవలసిన విద్యే, కాదనను. కానీ ఆమె నివేదికలో ఫలితాలు లేవు. ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో అడిగింది వాటి గురించే.

అదే మైక్రోస్కోపులో చూడటానికి 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన రాతి పలకలు, అంటే థిన్ సెక్షన్లు, గైడు అలమరలో సిద్ధంగా ఉంటే కథ మారిపోతుంది. డేటాతో చేసే పనులకు ఈ చిక్కు దాదాపు లేదు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించిన తరువాత నా దగ్గరికి వచ్చేవారిలో భూకంపాల మీద ఆసక్తి పెరిగింది. తరంగాల రికార్డులు గైడు కంప్యూటర్లో ఉంటే మొదటి వారంలోనే పని మొదలవుతుంది. యూరప్ వారి సెంటినెల్-1 ఉపగ్రహాలు తీసే రాడార్ చిత్రాలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఉత్తర భారతంలో భూగర్భ జలం తగ్గిపోతోందని 2009లో బయటపెట్టిన పరిశోధనలకు భూమి గురుత్వాకర్షణలో మార్పులను పసిగట్టే గ్రేస్ ఉపగ్రహాల కొలతలే ఆధారం. ఆ కొలతలు కూడా అందరికీ అందుబాటులో ఉన్నాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ కొద్దిగా వచ్చి ఉంటే చాలు.

క్షేత్ర పర్యటనల మీద ఆశ పెట్టుకున్నవారు మే నెల ఎండలో కడప బేసిన్ ఎలా ఉంటుందో ఒకసారి తలచుకోండి. హిమాలయాలకు ఆ కాలం అనువైనదే, మిమ్మల్ని తీసుకెళ్లడానికి గైడు దగ్గర నిధులు ఉంటేనే.

ఇప్పుడు పోలిక. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు అకాడమీలు కలిసి నడిపే ఫెలోషిప్‌లో ఎంచుకోవడానికి సంస్థలు చాలా ఉంటాయి. మామూలుగా డిగ్రీ విద్యార్థి గడప తొక్కలేని జాతీయ ప్రయోగశాలల తలుపులు కూడా తెరుచుకుంటాయి. లోపమల్లా, మీరు దరఖాస్తులో ఎంచుకునేది గైడును, పనిని కాదు. ఏ పని ఇస్తారో ఎంపికయ్యాకే తెలుస్తుంది.

గాంధీనగర్, రూర్కీ ఐఐటీల పద్ధతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అధ్యాపకులు ప్రాజెక్టుల వివరాలు ముందే పెడతారు, మీరు వాటిలోంచి ఎంచుకుంటారు. నమూనాలు ఎక్కడివో, డేటా ఏ సంవత్సరాలదో ఆ వివరాల్లో రాసి ఉంటే పని సిద్ధంగా ఉన్నట్టే. అందుకే మూడింట్లో నా ఓటు వీటికి, ముఖ్యంగా డేటా పని చేయాలనుకునేవారి విషయంలో. భూరసాయనం మీద నిజంగా మనసున్నవారు మాత్రం అకాడమీకే పెట్టండి. ఎంపిక కాగానే గైడుకు మెయిలు రాసి నమూనాల సంగతి మర్యాదగా అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు, పైగా పని తెలిసినవాడనుకుంటారు.

డాడ్-వైజ్‌కు జర్మనీ ప్రొఫెసర్ నుంచి ఆహ్వాన లేఖ ముందే తెచ్చుకోవాలి. అంటే పని గురించి మాట్లాడుకోకుండా అడుగు ముందుకు పడదు. నా కొలమానంతో చూస్తే అన్నిటికంటే మంచి ఏర్పాటు ఇదే. కానీ లేఖ కోసం నెలల తరబడి మెయిళ్లు రాయాలి, చాలావాటికి జవాబు రాదు. మీ కోర్సుకూ కాలేజీకీ అర్హత ఉందో లేదో ముందు చూసుకోండి. మూడేళ్ల బీఎస్సీ వారు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ మూడూ కాక, కెనడాలో పరిశోధన ఇంటర్న్‌షిప్ అయిన మైటాక్స్ గ్లోబలింక్ 12 వారాలు ఉంటుంది, మన విశ్వవిద్యాలయాల పరీక్షల తేదీలతో తరచూ పేచీ. అమెరికాలో డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధనకు నడిపే ఆర్‌ఈయూ కార్యక్రమాల నిధులు అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే. అక్కడ ఉద్యోగం చేసే తల్లిదండ్రులతో హెచ్-4 వీసా మీద ఉన్న మన పిల్లలకు అవి రావు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో సొంతంగా అడిగి చేరాలనుకునేవారు స్టయిపెండ్ లెక్కలో వేసుకోకండి. ఇంటి నుంచి వెళ్లిరాగలిగితే అదీ మంచిదే.