పేటల హారానికి పతకం: దారం మేలా, గేర్ వైరు మేలా?

మూడు పేటలో అయిదు పేటలో గుచ్చి మధ్యలో బరువైన పతకం వేసుకోవాలనుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: దేనిమీద గుచ్చాలి, దారమా, గేర్ వైరా? అడిగేటప్పటికే చాలామంది మనసులో గేర్ వైరు ఖాయమైపోయి ఉంటుంది. స్టీలు కదా, తెగదు అని. ఒంటిపేట దండకైతే నేనూ అదే వాడమంటాను. పేటలు పెరిగి, పతకం వేలాడేసరికి లెక్క మారుతుంది.

గేర్ వైరంటే సన్నని స్టీలు తీగలు మెలేసి పైన నైలాన్ పూత పూసినది. లోపల 7 తీగలుంటే బిరుసు, 49 ఉంటే మెత్తన, ధరా అందుకు తగ్గట్టే. ఎంత మెత్తనిదైనా సాగదు. చిక్కంతా అక్కడే. పతకానికి అటూ ఇటూ అయిదేసి పేటలు కట్టారనుకోండి. వాటిలో ఒకటి మిగతావాటికన్నా రెండు మిల్లీమీటర్లు పొట్టిదైనా చాలు, బరువంతా దానిమీదే పడుతుంది. తక్కిన నాలుగూ పెళ్ళింట పనిలేని చుట్టాల్లా పక్కకి తప్పుకుని నిలబడతాయి. గేర్ లాక్, అంటే వైరు చివర్ని బిగించే చిన్న లోహపు పూస, నొక్కేశాక సర్దడానికేమీ ఉండదు, కోసి మళ్ళీ గుచ్చుకోవాల్సిందే.

అదే పట్టుదారమో నైలాన్ దారమో అయితే బరువుకి కాస్త సాగుతుంది. పొట్టి పేట దిగి మిగతావాటితో కలుస్తుంది, బరువు అన్నిటికీ పంచుకుపోతుంది. పేటలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి మెడ వంపుకి వాలేది అందుకే. నాకు హారం అందమంతా ఆ వాలులోనే ఉంది. హైదరాబాద్ పత్తర్‌గట్టి ముత్యాల కొట్లలో ఇప్పటికీ దారంతో గుచ్చి ఇస్తున్నారంటే ఊరికే కాదు.

దారంతో తలనొప్పులు లేవని కాదు. కొన్నాళ్ళు వేసుకునేసరికి కొక్కేల దగ్గర పూసలు జరిగి దారం బయటపడుతుంది. చివరి ముడి వేసేముందు పతకం తగిలించి ఒక రాత్రంతా వేలాడదీస్తే ఆ సాగుడు చాలావరకు ముందే అయిపోతుంది. పట్టుదారం చెమటకి మెత్తబడుతుంది, తరచూ వేసుకునే హారాన్ని ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ గుచ్చించుకోక తప్పదు. పతకం రింగు దారాన్ని ఒరుసుకునే చోట సన్నటి ఫ్రెంచ్ వైరు, అంటే స్ప్రింగులా చుట్టిన తీగ గొట్టం, తొడగాలి. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తే మంచిదే కానీ, అయిదు పేటలకీ వేయాలంటే ఓపిక కావాలి. పతకానికి దగ్గరగా ఉన్న నాలుగైదు ముత్యాలకైనా వేయండి. తెగితే తెగేది అక్కడే.

పూసలు రాళ్ళయితే మాత్రం గేర్ వైరుకే నా ఓటు. ముత్యం, పగడం మెత్తనివి, గట్టిదనాన్ని పదికి లెక్కించే మోస్ కొలతలో నాలుగు అటూ ఇటూగా ఉంటాయి. అగేట్ 6.5 నుంచి 7 దాకా ఉంటుంది. అలాంటి రాయికి బెజ్జం అంచు నునుపు చేయకుండా వదిలేస్తే దారాన్ని రంపంలా కోసేస్తుంది. కొన్న పూసల్లో ఒకదాంట్లో దారం దూర్చి పదిసార్లు ముందుకీ వెనక్కీ లాగి చూడండి, నూగు లేచిందా, వైరు తీసుకోండి.

చేపల గాలం తీగ చవక, కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి విరుగుతుంది. ఎలాస్టిక్ దారమైతే బ్రేస్‌లెట్లకి సరిపోతుంది, పతకం మోయలేదు.

గేర్ వైరే తీసుకున్నవాళ్ళు పేటపేటకీ విడిగా రింగున్న పతకం చూసుకోండి. అన్నీ ఒకే రింగులో కలిపితే బిరుసు తీగలు గుత్తిలా లేచి నిలబడతాయి. పొడవులు బల్లమీద పరిచి కొలవద్దు, మెడ చుట్టూ బయటి పేటకి ఎక్కువ దూరం పడుతుంది. తువ్వాలు గట్టిగా చుట్టి మెడలా నిలబెట్టి, దానిమీద పేటలన్నీ పతకంతో సహా వేసి చూసుకున్నాకే గేర్ లాక్‌లు నొక్కండి.