ఐర్లండ్ ఎస్టేట్ల పనివాళ్లు: 1911 లెక్కలా, బడిపిల్లల రాతలా?

ఆంగ్లో-ఐరిష్ దొరల (ఐర్లండ్‌లో స్థిరపడ్డ ఇంగ్లిష్ మూలాల భూస్వాముల) బంగళాల్లో, పొలాల్లో పనిచేసినవాళ్ల ఆచూకీ తీయాలంటే ముందు 1911 జనాభా లెక్కలే చూడాలి. ఏప్రిల్ 2 రాత్రి బంగళాలో ఎవరెవరున్నారో ఫారం-ఏలో (ఇంట్లోని మనుషుల వివరాల పత్రంలో) ఉంటుంది: పేరు, వయసు, మతం, చదువు, పుట్టిన కౌంటీ (మన జిల్లా లాంటిది). బట్లరు ఇంగ్లండు నుంచి వచ్చినవాడా, పక్క ఊరివాడా అన్నది అక్కడే తేలిపోతుంది. దొర కుటుంబం ఆ రాత్రి లండన్‌లో ఉంటే మాత్రం ఇల్లు కనిపెట్టుకుని ఉన్న ఇద్దరు ముగ్గురే కనిపిస్తారు.

అసలు చిక్కు పాలేర్లతోనే. విడిగా కాపురం ఉంటే వాళ్ల ఫారమే వేరు. వృత్తి గడిలో ‘వ్యవసాయ కూలీ’ అని రాసి ఊరుకుంటారు, యజమాని పేరుండదు. అప్పుడు ఇళ్ల వివరాలుండే ఫారం-బీ1 తీయండి. ఇల్లు ఎవరి భూమిలో ఉందో రాసే గడి ఒకటుంది, దారి దొరికేది దాంట్లోనే.

1937–39 నాటి స్కూల్స్ కలెక్షన్ (బడిపిల్లలతో రాయించిన జానపద సేకరణ) తీరు వేరు. ఉత్తర ఐర్లండ్ పోగా మిగిలిన 26 కౌంటీల ప్రాథమిక బడుల పిల్లలు ఇంటి పెద్దల నోట విని రాసినవి. వాళ్లకిచ్చిన అంశాల్లో భూస్వామి సంగతీ ఒకటి. దొర ఎలాంటివాడు, ఎవరిని ఇల్లు ఖాళీ చేయించాడు వంటివి ఇందులోనే దొరుకుతాయి. తేదీలు మాత్రం నమ్మకండి. తాత చూసిందీ, ముత్తాత చెప్పిందీ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. ఉత్తర ఐర్లండ్ ఎస్టేట్లకైతే ఇది దాదాపు పనికిరాదు.