పాత పోకో ఎఫ్1: మియుఐలోనే ఉంచాలా, లీనియేజ్ ఎక్కించాలా?

2018 ఆగస్టులో మన దగ్గర విడుదలైన పోకో ఎఫ్1 గురించి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఆశ్చర్యం లేదు. స్నాప్‌డ్రాగన్ 845, 6 లేదా 8 జీబీ ర్యామ్, యూఎఫ్‌ఎస్ 2.1 స్టోరేజ్, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ని బీరువాలో పడేయడానికి ఎవరికీ మనసొప్పదు. చేతిలో పట్టుకుంటే ఇంకా గట్టిగానే ఉంటుంది. వెనకబడింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఆండ్రాయిడ్ 8.1తో వచ్చి, 10 దాకా వెళ్లి, షావోమీ కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేర్ మియుఐ 12 దగ్గర చేతులు దులుపుకుంది. అదే ఫోన్‌కి కంపెనీతో సంబంధం లేకుండా స్వచ్ఛందంగా, ఉచితంగా ఆండ్రాయిడ్ తయారుచేసే లీనియేజ్ ఓఎస్ వాళ్లు మాత్రం ఆండ్రాయిడ్ 15 మీద కట్టిన 22వ వెర్షన్ దాకా తెచ్చారు. అందుకే అందరిదీ ఒకటే ప్రశ్న: ఉన్నదానితో సర్దుకోవాలా, మార్చాలా?

ఆ ప్రశ్న వెంటనే ఇంకోటి వస్తుంది: "మారిస్తే ఫోన్‌పే, గూగుల్ పే పనిచేస్తాయా?" నా లెక్కలో మొత్తం తేల్చేది ఈ రెండో ప్రశ్నే. స్పీడు, బ్యాటరీ, కెమెరా అన్నీ దీని తర్వాతే.

ఏమీ చేయకపోతే ఏమవుతుంది

పాత ఆండ్రాయిడ్ ఒక్కరోజులో ఆగిపోదు, ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ పోతుంది. రెడ్‌మీ నోట్ 4 చూడండి. అది ఆండ్రాయిడ్ 7.0 దగ్గర ఆగింది. దానికి వచ్చే చివరి క్రోమ్ 119. అంతకన్నా కనిపించని దెబ్బ సర్టిఫికెట్లది, అంటే సైటు అసలైనదేనని ఫోన్‌కి రుజువు చేసే డిజిటల్ పత్రాలది. చాలా వెబ్‌సైట్లు, చిన్న యాప్‌ల సర్వర్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. వాటి మూల సర్టిఫికెట్ ఆండ్రాయిడ్‌లోకి వచ్చింది 7.1.1 నుంచి. అంతకన్నా పాత ఫోన్లను అప్పటిదాకా నడిపించిన ఏర్పాటు గడువు 2024 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. దాంతో ఫోన్ సొంత సర్టిఫికెట్ల జాబితాను నమ్ముకున్న యాప్‌లు ఒక రోజు హఠాత్తుగా "కనెక్షన్ లోపం" అంటాయి. వాడేవాళ్లేమో నెట్ పోయిందనుకుని రీఛార్జ్ చేయిస్తారు.

ఎఫ్1 అంచున గట్టెక్కింది. క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 తప్పనిసరి. మియుఐ 12తో ఈ ఫోన్ ఉన్నది సరిగ్గా 10 మీదే. చాలా యాప్‌లు తమ లోపల పేజీలు చూపించడానికి వాడే వెబ్‌వ్యూ కూడా అందుకే ఇంకా అప్‌డేట్ అవుతోంది. వాట్సాప్‌కి 10 కన్నా పాత ఆండ్రాయిడ్ కూడా చాలు కాబట్టి ఆ దిగుల్లేదు. కానీ తర్వాత మూసుకునే తలుపు ఎఫ్1దే.

మియుఐలోనే ఉంచితే

దీనికి కూడా చేతితో చేయాల్సిన పని కొంత ఉంది. చాలామంది ఫోన్లు 12 దాకా రాకుండా మధ్యలోనే ఆగి ఉంటాయి. మియుఐ పూర్తి అప్‌డేట్ ఫైల్, అంటే చివరి అధికారిక రికవరీ జిప్ దించుకుని, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, సిస్టమ్ అప్‌డేట్‌లోకి వెళ్లండి. పైనున్న మియుఐ బొమ్మ మీద పదిసార్లు నొక్కితే మూడు చుక్కల మెనూలో "చూజ్ అప్‌డేట్ ప్యాకేజ్" కనిపిస్తుంది. ఫోన్‌లో ఉన్నదానికన్నా పాత జిప్‌ని అది తీసుకోదు. పీసీ నుంచి ఎక్కించడానికి టీజీజడ్ ఫైల్‌గా దొరికే ఫాస్ట్‌బూట్ రోమ్ (ఫోన్ మొత్తం సాఫ్ట్‌వేర్) ఈ దారిలో పనికిరాదు. దానికి బూట్‌లోడర్, అంటే ఫోన్ ఆన్ అవగానే ఏ సాఫ్ట్‌వేర్‌ని నడవనివ్వాలో తేల్చే తాళం, తెరిచి ఉండాలి. జిప్ ఎక్కాక మొత్తం బ్యాకప్ తీసుకుని ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త పోతుంది. నత్తనడక చాలావరకు దీంతోనే తగ్గుతుంది.

కంపెనీ అంటగట్టిన యాప్‌లను ఏడీబీతో (పీసీ నుంచి కేబుల్ మీద ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్), యూజర్ 0కి, అంటే ఫోన్ అసలు యూజర్‌కి, మాత్రమే అని చెప్పి తీసేయొచ్చు. ప్రకటనలు చూపించే ఎంఎస్ఏ, అనలిటిక్స్ పోతే ఫోన్‌కి ఊపిరాడుతుంది. అదే ఊపులో ఫైండ్ డివైస్ యాప్‌నో, సెక్యూరిటీ యాప్‌నో తీశారో, ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోతుంది. ఇక రీసెట్ తప్ప దారి ఉండదు. ఆ రెండింటి జోలికి పోకండి.

స్టోరేజ్‌లో 15, 20 శాతం ఖాళీ ఉంచండి. మియుఐ వైపు ఇంతకన్నా చేయగలిగింది లేదు. సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్) తేదీ ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది.

అసలు తేల్చేది: ఆ ఫోన్‌లో డబ్బు నడుస్తుందా?

యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఫోన్‌ని నమ్మాలా వద్దా అని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీని అడుగుతాయి. అది మూడు మెట్లలో జవాబిస్తుంది: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. బూట్‌లోడర్ తెరిచిన ఫోన్ మామూలుగా బేసిక్ దాటదు. కొన్ని యాప్‌లకు అది చాలు, కొన్నిటికి డివైస్ కావాలి. ఏ యాప్ ఏ నెలలో పట్టు బిగిస్తుందో ముందు చెప్పరు. 2025 మేలో గూగుల్ ఈ తనిఖీని ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లలో ఫోన్ చిప్‌లోనే ఉండే హార్డ్‌వేర్ తాళంచెవులతో ముడిపెట్టింది. లీనియేజ్ 22 ఆ కోవలోకే వస్తుంది.

దీనికి విరుగుడుగా రూట్ చేసి (సిస్టమ్ మీద పూర్తి అధికారం తెరిచి), మాడ్యూళ్లు అనే చిన్న ప్రోగ్రాములు పెట్టి, ఫోన్ గుర్తింపు వివరాలను, అంటే దాని "వేలిముద్ర"ని, వేరే ఫోన్‌దిలా చూపించమని సలహా ఇస్తుంటారు. పనిచేస్తుంది, కొన్నాళ్లు. ఆ వేలిముద్రని గూగుల్ నిషేధించిన రోజున కూరగాయల బండి దగ్గర క్యూఆర్ స్కాన్ చేస్తే యాప్ తెరుచుకోదు. పైగా డబ్బు యాప్‌లున్న ఫోన్‌ని రూట్ చేయడమంటే ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీయడమే. ఈ దారి నేను ఎవరికీ చెప్పను.

దీంతో "సరే, మియుఐలోనే ఉంచి యూపీఐ వాడుకుంటా" అనేస్తారు. ఇక్కడే అందరూ పొరబడుతున్నారు. బూట్‌లోడర్ మూసి ఉన్న మియుఐ ఎఫ్1, ఏళ్ల నాటి ప్యాచ్‌తో ఉన్నా, డివైస్ పరీక్ష పాసవుతుంది. స్ట్రాంగ్ మెట్టుకి ఏడాది లోపు ప్యాచ్ ఉండాలన్న షరతు ఆండ్రాయిడ్ 13 నుంచే వర్తిస్తుంది. 10కి ఆ అడ్డే లేదు. అంటే ఆ తనిఖీ తలుపుకి తాళం ఉందా అని చూస్తుంది, గోడకి కన్నాలున్నాయా అని చూడదు. యాప్ తెరుచుకుంటే ఫోన్ క్షేమంగా ఉందని అర్థం కాదు. వాట్సాప్‌లో వచ్చిన "పెళ్లి పత్రిక" ఏపీకే (ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే యాప్ ఫైల్) నొక్కే ఇంట్లో ఈ తేడా డబ్బు రూపంలోనే తెలుస్తుంది.

కాబట్టి వేరే ఫోన్ ఏదైనా చేతిలో ఉంటే, అది చౌకదైనా సరే, ఇంకా ప్యాచ్‌లు వస్తున్నదైతే యూపీఐని అందులోకి మార్చండి. బ్యాంకులో నమోదైన సిమ్ కూడా అందులోకే వెళ్లాలి. కొత్త ఫోన్‌లో యూపీఐ నమోదయ్యాక మొదటి 24 గంటలు 5,000 రూపాయల పరిమితి ఉంటుంది. పండగ కొనుగోళ్లకో, ఫీజు కట్టే రోజుకో ముందు రోజు మార్చకండి. డబ్బు బయటికి వెళ్లిపోయిన ఎఫ్1కి లీనియేజే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. ఉన్నది ఆ ఒక్క ఫోనే, యూపీఐ తప్పదు అంటే మియుఐలోనే ఉంచండి. అయితే అందులో తెలియని ఏపీకేలు వద్దు, యాప్‌లు పదికి మించొద్దు, ఆ ఖాతాలో ఖర్చుకి సరిపడా మాత్రమే ఉంచండి.

లీనియేజ్ ఎక్కించేటప్పుడు ఎక్కడెక్కడ ఇరుక్కుంటారు

మొదటి అడ్డంకి బూట్‌లోడర్ అన్‌లాక్. సిమ్ డేటా మీద, వైఫై ఆపేసి, డెవలపర్ ఆప్షన్స్‌లోని మై అన్‌లాక్ స్టేటస్‌లో మై ఖాతాని (షావోమీ అకౌంట్‌ని) ఫోన్‌కి జతచేయాలి. ఆ ఖాతా పాత నంబర్ మీద ఉంటే ఓటీపీ రాదు, అది ముందే సరిచేసుకోండి. తర్వాత విండోస్ పీసీలో మై అన్‌లాక్ టూల్ సాధారణంగా 168 గంటలు, అంటే వారం ఆగమంటుంది. ఆ వారంలో ఖాతా తీసి మళ్లీ పెడితే లెక్క మొదటికొస్తుంది. వారం అయ్యాక అన్‌లాక్ నొక్కగానే ఫోన్‌లోని డేటా అంతా పోతుంది. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్‌తో పాటు ఆథెంటికేటర్ కోడ్‌లు కూడా ముందే బయటికి తీయండి. చాలామంది మరిచేది చివరిదే.

ఫోన్ ఆపేసి, వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి నొక్కితే ఫాస్ట్‌బూట్, అంటే పీసీ నుంచి ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ రాసే మోడ్, వస్తుంది. పీసీ ఫోన్‌ని చూడకపోతే ముందు కేబుల్ మార్చండి, తర్వాత డ్రైవర్ చూడండి. కొన్ని రైజెన్ పీసీల్లో నేరుగా పెడితే ఫాస్ట్‌బూట్ మధ్యలో తెగుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 హబ్ మధ్యలో పెడితే సరిపోతుంది. బ్యాటరీ 60 శాతం పైన ఉండాలి.

రికవరీ అంటే ఆండ్రాయిడ్‌తో పనిలేకుండా విడిగా తెరుచుకునే చిన్న ఇన్‌స్టాల్ మెనూ. లీనియేజ్ రికవరీ ఇమేజ్‌ని ఫాస్ట్‌బూట్‌లో రికవరీ పార్టిషన్‌కి ఫ్లాష్ చేశాక (రాశాక) అసలు ఒడుపు ఉంది. ఫోన్‌ని మామూలుగా ఆన్ కానివ్వకూడదు. మియుఐ ఒక్కసారి బూట్ అయితే తన రికవరీని మళ్లీ రాసేసుకుంటుంది, మీరు చేసిన పని గాల్లో కలుస్తుంది. ఫ్లాష్ అవగానే వాల్యూమ్ అప్, పవర్ నొక్కి పట్టుకుని తిన్నగా రికవరీలోకి వెళ్లాలి. లోగో వచ్చాక పవర్ వదిలి, వాల్యూమ్ అప్ మాత్రం పట్టుకునే ఉండండి. ఊదా రంగు లీనియేజ్ గుర్తు కనిపిస్తే సరిగ్గా వెళ్లినట్టు. మియుఐ రికవరీ కనిపిస్తే మళ్లీ ఫాస్ట్‌బూట్ నుంచి మొదలుపెట్టాలి.

అక్కడ ముందు ఫార్మాట్ డేటా. పాత ఎన్‌క్రిప్షన్ మీద కొత్త ఆండ్రాయిడ్ కూర్చోదు కాబట్టి ఇది వదిలేస్తే బూట్ యానిమేషన్ దగ్గరే ఆగుతుంది. తర్వాత అప్లై ఫ్రమ్ ఏడీబీ ఎంచుకుని, పీసీ నుంచి లీనియేజ్ జిప్‌ని సైడ్‌లోడ్ చేయాలి (కేబుల్ మీద పంపాలి). పీసీ తెర 47 శాతం దగ్గర ఆగి "ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్: సక్సెస్" లాంటి మాట చూపించొచ్చు. అది చూసి కంగారుపడి కేబుల్ పీకేయొద్దు, ఫోన్ తెర మీద ఏముందో చూడండి. అక్కడ ఎర్రర్ లేకపోతే పని అయినట్టే.

ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లుండే మైండ్ ద గ్యాప్స్ ప్యాకేజ్‌ని మొదటి బూట్‌కి ముందే, అదే రికవరీ నుంచి ఎక్కించాలి. ఎఫ్1 ప్రాసెసర్ రకమైన ఆర్మ్ 64ది, అదే ఆండ్రాయిడ్ వెర్షన్‌ది అయ్యుండాలి. సంతకం సరిపోలేదని అడుగుతుంది, ఎస్ అనండి. ముందు బూట్ చేసి తర్వాత పెడితే గూగుల్ సర్వీసులు ఆగకుండా క్రాష్ అవుతాయి. మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే.

ఫోన్ తెరుచుకోగానే చూడాల్సింది కాల్స్. జియోకి 2జీ, 3జీ లేవు. వోల్టీ (4జీ మీద కాల్) నమోదు కాకపోతే డేటా వస్తుంది, కాల్ మాత్రం రాదు. డయలర్‌లో *#*#4636#*#* కొట్టి, ఫోన్ ఇన్ఫర్మేషన్‌లో మూడు చుక్కల కింద ఐఎంఎస్ స్టేటస్ చూడండి. "రిజిస్టర్డ్" అని ఉంటే సరి.

పోగొట్టుకునేవీ ఉన్నాయి. చీకట్లోనూ పనిచేసే ఇన్‌ఫ్రారెడ్ ఫేస్ అన్‌లాక్ ఉండదు, వేలిముద్రతోనే సరిపెట్టుకోవాలి. మియుఐ కెమెరా పోయి లీనియేజ్ కెమెరా యాప్ అపర్చర్ వస్తుంది. ఫోటోల మీద మక్కువ ఉంటే జీక్యామ్ (గూగుల్ కెమెరా) పెట్టుకోవాల్సిందే.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. లీనియేజ్ సెట్టింగ్స్‌లో ట్రస్ట్ అనే చోట రెండు ప్యాచ్ తేదీలు కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ ప్లాట్‌ఫామ్ తేదీ కొత్తది, వెండర్ (కంపెనీ ఇచ్చిన భాగాల) తేదీ పాతది. మోడెమ్, ట్రస్ట్‌జోన్ (రహస్యాలు దాచే చిప్ భాగం) లాంటి భాగాల లోపలి సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, కంపెనీ ఇచ్చిందే, దాన్ని బయటివాళ్లు సరిచేయలేరు. ఈ ఫోన్ ఆండ్రాయిడ్‌కి గుండె లాంటి లినక్స్ కెర్నల్ 4.9కి అసలు మద్దతే 2023 జనవరిలో ముగిసింది. అయినా మెసేజ్‌లో వచ్చే బొమ్మ, వెబ్‌పేజీ, బ్లూటూత్ ద్వారా వచ్చే దాడుల్లో చాలావాటిని అడ్డుకునేది ప్లాట్‌ఫామ్ ప్యాచే. అటు గోడ కట్టి ఇటు కిటికీ పాతదే ఉంచడం, అసలు గోడే లేకపోవడం కన్నా ఎంతో నయం.

తర్వాతి అప్‌డేట్లు ఫోన్‌లోనే వస్తాయి, ప్లే స్టోర్ పోదు. ఒక పెద్ద వెర్షన్ నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మాత్రం మళ్లీ పీసీ, కొత్త వెర్షన్ మైండ్ ద గ్యాప్స్ కావాలి. డేటా ఉంటుంది.

మిగతావి

జీఎస్ఐ: ట్రెబుల్ (ఉమ్మడి రోమ్ ఎక్కేలా గూగుల్ పెట్టిన ఏర్పాటు) ఉన్న ఏ ఫోన్‌కైనా ఎక్కే రోమ్. వోల్టీ, కెమెరా ఇబ్బంది పెడతాయి. ఎఫ్1కి సొంత రోమే ఉండగా అవసరం లేదు.

పోస్ట్‌మార్కెట్ ఓఎస్: ఆండ్రాయిడ్ కాదు, ఫోన్ల కోసం చేసిన లినక్స్. లినక్స్ నేర్చుకునే పిల్లలకి మంచి పలక, రోజువారీ ఫోన్ కాదు. ముందు మీ ఫోన్ డిస్‌ప్లే తయారుచేసిన కంపెనీ టియాన్మానో ఈబీబీజీనో తెలుసుకోవాలి, ఇమేజ్ దాన్నిబట్టే.

కొత్త బ్యాటరీ: వెనక మూత ఉబ్బినట్టు ఉంటే పైవన్నీ ఆపి ముందు ఇదే చేయండి. ఏ రోమూ ఉబ్బిన బ్యాటరీని బాగుచేయదు.

వెనక్కి రావాలంటే

లీనియేజ్ నచ్చలేదు, యూపీఐ తిరిగి ఇందులోకే రావాలి అంటే దారి ఉంది. మై ఫ్లాష్ టూల్‌తో ఫాస్ట్‌బూట్ రోమ్ ఎక్కించాలి. ఆ టూల్ కింది వరసలో మూడు ఎంపికలుంటాయి. తెరవగానే ఎంచుకుని ఉండేది "క్లీన్ ఆల్ అండ్ లాక్". దాన్ని మార్చి "క్లీన్ ఆల్" పెట్టండి. మియుఐ పూర్తిగా బూట్ అయి, కాల్స్, వైఫై పనిచేస్తున్నాయని చూశాకే రెండోసారి లాక్‌తో చేయండి. లీనియేజ్ ఉండగా, లేదా సగం ఎక్కిన మియుఐ మీద లాక్ చేస్తే "ద సిస్టమ్ హ్యాజ్ బీన్ డిస్ట్రాయిడ్" అనే తెర వస్తుంది. మళ్లీ అన్‌లాక్ ఒప్పుకోకపోతే మిగిలేది ఈడీఎల్ (చిప్ అత్యవసర మోడ్) ఒక్కటే, దానికి కంపెనీ అనుమతి ఉన్న ఖాతా కావాలి. అంటే ఫోన్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సిందే.