ఫ్యాన్ పొయ్యికి వంక లేదు, తంటా అంతా పొట్టు ఇటుకలతోనే

ఫ్యాన్ పొయ్యిలో, అంటే చిన్న ఫ్యాన్ అడుగు రంధ్రాల్లోంచీ పైవరస రంధ్రాల్లోంచీ గాలి ఊదే పొయ్యిలో, రంపప్పొట్టు ఇటుకలు కాల్చడం గురించి అమ్మేవాళ్లు చెప్పేది చాలావరకు నిజమే. పొగ రాదు, గిన్నె అడుగు నల్లబడదు, సరుగుడు కట్టెల్లా మాటిమాటికీ ఎగదొయ్యక్కర్లేదు. వాళ్లు నోరెత్తనిది చెమ్మ గురించి. విశాఖలో అసలు కథంతా అక్కడే ఉంది.

ఈ ఇటుకల్లో జిగురేమీ కలపరు. పొట్టును గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే బంక పదార్థం మెత్తబడి, చల్లారాక బిగుసుకుంటుంది. గాలిలో తేమ ఆ బిగువునే వదిలిస్తుంది. వానలు మొదలైన దగ్గర్నుంచి నవంబరు తుపాన్ల దాకా పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు గోడవార గోనెసంచిలో పెట్టిన ఇటుక చూడ్డానికి పొడిగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం అంచులు పొరలుపొరలుగా విచ్చుకుని, గోరు తగిలితే రాలిపోతాయి. ఎండబెడితే తడి పోతుంది గానీ బిగువు తిరిగి రాదు.

అలాంటి సరుకు వేస్తే ఏమవుతుందో మా కర్రీ పాయింట్ పెరట్లో చూశాం. కాసేపు మంట బాగానే లేచింది. తర్వాత పైవరస రంధ్రాల దగ్గర లోపలికి వంగి మండాల్సిన మంట పసుపుపచ్చగా, నీరసంగా గిన్నె చుట్టూ పాకింది. కళ్లు మండే పొగ. ఫ్యాన్ మోత మామూలే, 12 వోల్టుల సరఫరా సరిగ్గానే ఉంది. చల్లారాక పొయ్యి బోర్లిస్తే అడుగు పళ్లెం రంధ్రాలన్నీ పొడితో మూసుకుపోయి ఉన్నాయి. ఉబ్బిన ఇటుక వేడికి నిప్పుముక్కలుగా విడిపోదు, పిండిలా రాలుతుంది. దాంతో కిందిగాలి ఆగి కర్రగ్యాసు (వేడికి ఇటుకలోంచి వెలువడి మండే వాయువు) పుట్టడం తగ్గుతుంది. పైగాలి మాత్రం అంతే జోరుగా వచ్చి ఉన్న మంటను చల్లార్చేస్తుంది. పాత సైకిల్ స్పోకుతో ఒక్కో రంధ్రం పొడిస్తే గానీ దారికి రాలేదు. అందుకోసం పొయ్యి విప్పినప్పుడే ఫ్యాన్ వైరు పిన్నులకు చిలుము పట్టడం కనబడింది. అది ఉప్పుగాలి పని. గరుకు కాగితంతో రుద్ది కాస్త గ్రీజు రాస్తే ఆగుతుంది.

కొనేటప్పుడు ఒక ఇటుక విరిచి చూడండి. టప్పుమని విరగాలి. ముక్కను నీళ్లలో వేస్తే మునగాలి, తేలిందంటే నొక్కుడు చాల్లేదు. ఊక కలిపిన సరుకు చవక, కానీ దాని బూడిదలో సిలికా ఎక్కువ, జల్లెడ మీద గాజుపెంకులా అంటుకుపోతుంది. జీడితొక్కు కలిసిందా, నూనె ఘాటు కూరకి ఎక్కుతుంది. ఇంటికి తెచ్చాక మూతగట్టి ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి మార్చెయ్యండి, నేల మీద నేరుగా పెట్టకండి.

నింపేటప్పుడు పై రంధ్రాలకు రెండు వేళ్లు తక్కువగా ఆపాలి, పక్కల సందు వదలాలి. మంచి ఇటుకైనా కాలేటప్పుడు సాగుతుంది. నిప్పు పైనుంచే పెట్టాలి: చిన్న ముక్కలు, కొబ్బరిపీచు, ఒక కర్పూరం బిళ్ల. మంట పైభాగమంతా పరుచుకునే దాకా ఫ్యాన్ తక్కువలో ఉంచాలి. మధ్యలో కొత్త ఇటుక పడేస్తే పొగ ఖాయం.

పొగ రాదన్న మాటకీ ఓ మెలిక ఉంది. చివర్లో బొగ్గు మిగిలినప్పుడు కంటికేమీ కనబడదు గానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. తలుపులు మూసిన వంటింట్లో వద్దు.

లెక్కకొస్తే, కిలో గ్యాసు చేసే పనికి ఇటుకలు సుమారు 4-5 కిలోలు పడతాయి. అంటే 19 కిలోల సిలిండరుకు బదులు 76 నుంచి 95 కిలోల దాకా. మీకు దొరికే ధరతో గుణించుకుని చూసుకోండి, మోత కూలి మర్చిపోకండి. 2014లో హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రోజులు గుర్తున్నవాళ్లు ఫ్యాన్‌కు ఒక బ్యాటరీ పక్కన పెట్టుకుంటారు.

మాకు పెరడుంది, రోజూ పెద్ద గిన్నెలు ఎక్కుతాయి కాబట్టి గిట్టుబాటవుతోంది. పెందుర్తి వైపు పొడి గది ఉన్నవాళ్లకి కూడా కుదరొచ్చు. బీచ్ దగ్గర అపార్ట్‌మెంటైతే డిసెంబరు దాకా ఆగి, అప్పుడు కూడా పదిహేను రోజులకు మించి సరుకు తెచ్చుకోకండి.