చన్నీళ్లు ఆగితే వేన్నీళ్లూ ఆగాలి: థర్మోస్టాటిక్ మిక్సర్‌తో మూడున్నరేళ్లు

వేన్నీళ్లూ చన్నీళ్లూ తానే కలిపి, మనం పెట్టిన వేడికి షవరులో ఇచ్చే ఈ మిక్సర్‌లో నన్ను కట్టిపడేసిన సుగుణం ఒక్కటే. చన్నీళ్లు రావడం ఆగిపోతే వేన్నీళ్లనూ అదే ఆపేస్తుంది. పిడి, మెరుపు, 38 డిగ్రీల దగ్గర ఉండే ఎర్ర బొత్తాం వంటివి దుకాణంలో చూసినా తెలుస్తాయి, వాటి జోలికి పోను.

మా అమ్మకు మధుమేహం. పాదాలకు స్పర్శ బాగా తగ్గింది. తిరుపతి ఎండకు మా మేడ మీది సోలార్ ట్యాంకులో నీళ్లు మార్చి నాటికే 68 డిగ్రీలు దాటుతాయి. 60 డిగ్రీల నీళ్లు అయిదారు క్షణాలు పడితే చాలు, వయసులో ఉన్నవాళ్ల చర్మమైనా లోతుగా కాలిపోతుంది. వయసు మళ్లిన చర్మానికి అంత సేపూ అక్కర్లేదు. గీజరునే 45కు తగ్గించుకోవచ్చు కదా అని మా బావ సలహా. సోలార్‌కు ఆ మీట ఉండదు. గీజరు ఉన్నవాళ్లకైనా అది మంచిది కాదు, గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. నిలవ నీళ్లు 60లో ఉండాలి, ఒంటి మీద పడేవి నలభైకి అటూ ఇటూ ఉండాలి. బ్రిటన్ ఆసుపత్రుల్లో, వృద్ధుల ఆశ్రమాల్లో షవరుకు 41 డిగ్రీలు మించకూడదన్న లెక్క చదివి, మా ఇంట్లో 39 దగ్గర పెట్టాను.

కొన్న తొలి ఏడాదే దాని విలువ తెలిసింది. కింది వాటాలో కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి ఎవరికీ చెప్పకుండా మేడ మీద చన్నీళ్ల గేట్ వాల్వు కట్టేశాడు. సోలార్‌కు వెళ్లే పైపు వేరు కాబట్టి వేన్నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆ సమయంలో అమ్మ స్టూలు మీద కూర్చుని హ్యాండ్ షవరుతో కాళ్లు కడుక్కుంటోంది. లోపలినుంచి కేక వినిపించింది: "నీళ్లు ఆగిపోయాయి నాయనా, మోటారు వేయలేదా?" కేక అంతే. కాలినందుకు కాదు, విసుగుతో. మేడెక్కి గేట్ వాల్వు చూశాక నా కాళ్లు వణికాయి.

వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడంటారు. ఆ తోడు తప్పుకున్నప్పుడు ఏం చేయాలో లోపలున్న మైనానికి తెలుసు. వేడి తగిలితే ఉబ్బి వేన్నీళ్ల దారి మూస్తుంది, చల్లబడితే స్ప్రింగు దాన్ని వెనక్కి నెడుతుంది. కరెంటుతో పని లేదు. ఆ తర్వాత ఏడాది పాటు కనబడిన ప్రతివాడికీ దీన్ని కొనమని చెప్పాను.

ఇప్పుడు ఆ మాట కాస్త సవరించుకోవాలి.

రెండేళ్లు నిండేసరికి ధార సన్నబడింది. మాది బోరు నీళ్లు. గిన్నె అడుగున కూడా తెల్లగా సున్నం కడుతుంది. ప్లంబరు వచ్చి మిక్సర్ వెనక రెండు పైపుల మూతుల్లో ఉండే చిన్న జల్లెడలు తీసి చూపించాడు. "ఇవే సార్ అడ్డం, మీకెందుకివి" అన్నాడు. పెట్టకుండానే బిగించాడు. ధార బ్రహ్మాండంగా వచ్చింది. నేనూ మెచ్చుకుని యాభై రూపాయలు ఎక్కువిచ్చాను.

చన్నీళ్లు కట్టేసి వేన్నీళ్లూ ఆగుతున్నాయో లేదో ఆరు నెలలకొకసారి చేయాల్సిన పరీక్ష కూడా అప్పుడు మానేశాను. బాగా పనిచేస్తున్నదానికి పరీక్ష ఎందుకనిపించింది. ఈలోగా సాయంత్రంపూట నీళ్లు వీపు మీద చురుక్కుమంటున్నాయని అమ్మ రెండుసార్లు చెప్పింది. నీకే అలా అనిపిస్తోందన్నాను.

చివరికి ఒక ఆదివారం పరీక్షకు కూర్చున్నాను. మగ్గులో వంటింటి డిజిటల్ థర్మామీటరు పెట్టి, షవరు ధార అందులో పడేలా చేసి, గోడ దగ్గర చన్నీళ్ల యాంగిల్ కాక్ మూసేశాను. రెండు మూడు క్షణాల్లో ధార తెగి చుక్కలు పడాలి. తెగలేదు. 39 ఉన్న అంకె 46 అయింది, 53 అయింది, 60 దాటింది. చేత్తో వేన్నీళ్ల కాక్ కట్టేశాను. అమ్మ హాల్లో టీవీ చూస్తోంది.

మైనం, స్ప్రింగు ఉండే లోపలి భాగం, అంటే కార్ట్రిడ్జ్ విప్పితే, జల్లెడలు లేక చేరిన బోరు ఇసుక, దాని మీద పెచ్చులుగా సున్నం. కదలాల్సిన భాగం ఉన్నచోటే బిగుసుకుపోయింది. అందుకే రోజూ చూడ్డానికి మామూలుగానే నీళ్లు ఇస్తూ వచ్చింది. దీనిమీద నాకున్న కోపం ఇదే, పాడైన సంగతి ఎవరికీ చెప్పదు. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజు రాశాను. వ్యాజలిన్ లాంటివి రాస్తే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. మళ్లీ పరీక్షిస్తే ధార ఆగింది కానీ ఎనిమిది క్షణాలు పట్టింది. అమ్మ కాళ్లకు ఎనిమిది క్షణాలు చాలా ఎక్కువ. కొత్త కార్ట్రిడ్జ్ తెప్పించాను, మిక్సర్ ధరలో మూడో వంతు అయింది. అది వచ్చేవరకు రెండు వారాలు బకెట్టూ చెంబూ, నేను మోచేయి ముంచి చూసి ఇవ్వడమూ.

ఇంకో రెండు సంగతులు తెలిసి కొనుక్కోండి. మబ్బు పట్టిన డిసెంబరులో సోలార్ నీళ్లు 45 కూడా ఉండవు. పెట్టుకున్న వేడి కంటే పది పదిహేను డిగ్రీలైనా ఎక్కువ లేకపోతే మిక్సర్ లోపలి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ రోజుల్లో పరీక్ష చేసి వాల్వు పాడైందని నేను ఒకసారి దుకాణం దాకా వెళ్లి నవ్వులపాలయ్యాను. ఇక మే నెల మధ్యాహ్నం మేడ మీది నల్ల ట్యాంకులో చన్నీళ్లే 41 ఉంటాయి. వేడి తగ్గించడానికి కలపాల్సిన నీళ్లే అలా కాగి ఉంటే ఏ మిక్సరూ ఏమీ చేయలేదు. ఆ నెలంతా అమ్మ స్నానం తెల్లవారుజామునే.

మళ్లీ కొంటానా అంటే, అమ్మ ఉన్న ఇంటికి కొంటాను. కల్యాణి డ్యాం నీళ్లు వచ్చే మా చెల్లెలి ఇంట్లో ఇదే మిక్సర్ ఇప్పటికీ ఒక్కసారి విప్పలేదట, అక్కడ సంగతి వేరు కావచ్చు. నేనొక్కణ్ణే అయితే ఇంత డబ్బు పెట్టను. జల్లెడలు మాత్రం ఈసారి నేనే బిగించాను. పరీక్ష తేదీ, ఎన్ని క్షణాల్లో ఆగిందో వంటింటి క్యాలెండరు మీద రాస్తున్నాను. ఫిబ్రవరిలో మూడు, ఆగస్టులో మూడు.