లైసెన్సు అక్కరలేని ఇంటి రక్షణ తుపాకి అని చెబితే డబ్బు కట్టకండి

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇంటి రక్షణ కోసం తుపాకి కొనాలనే ఆలోచనలో ఉన్నవారి కోసం ఇది రాస్తున్నాను. గొల్లపూడి శివారులో ఇల్లు కట్టుకున్న మా బావగారికి విజయవాడలోని ఒక దుకాణంవారు, లైసెన్సుతో పనిలేని ‘హోమ్ ప్రొటెక్షన్ గన్’ అంటూ ఒక ఎయిర్ రైఫిల్‌ను రూ.24,500కు అంటగట్టారు. అది లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోదగిన వస్తువూ కాదు, దొంగను నిలువరించగలిగిన వస్తువూ కాదు. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. ఇవే మాటలు చెప్పి ఇదే సరుకు అమ్మేవారు ఊళ్లో ఆయన ఒక్కరే అయి ఉంటారని కూడా నేను అనుకోవడం లేదు.

శివారు కాలనీల్లో ఉండేవారి భయం అర్థం కానిది కాదు. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి పరిసరాల్లో ఇళ్లు దోచే చెడ్డీ గ్యాంగ్ తిరిగిన రోజులను ఇక్కడివారు ఇంకా మరిచిపోలేదు. అమ్మేవారి పెట్టుబడి కూడా ఆ భయమే. దుకాణంలో మా బావగారిని మొదట అడిగిన ప్రశ్న ఇల్లు ఎక్కడ అన్నదేనట.

తుపాకి ఇంటికి వచ్చిన మరునాడు నేను చూశాను. పెట్టె ఒక పక్కన మోడల్ వివరాలు అచ్చువేసిన చోట తెల్లటి స్టిక్కరు అంటించి, దాని మీద పెన్నుతో 4.5 అని రాశారు. స్టిక్కరు అంచు గోటితో లేపితే కింద అచ్చులో 5.5 ఎం.ఎం. అని స్పష్టంగా ఉంది. గొట్టం మొదట్లో చెక్కిన అంకెలు కూడా అదే చెబుతున్నాయి. వెంట ఇచ్చిన సీసపు గుళ్ల డబ్బా మూత మీద సైతం 5.5 అనే ఉంది, దాన్ని దాచాలని ఎవరికీ తోచినట్టు లేదు. బిల్లులో మాత్రం బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, లేదు, మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. ‘స్పోర్ట్స్ సామగ్రి’ అన్న రెండు మాటలూ, మొత్తమూ ఉన్నాయి.

ఆ ఒక్క మిల్లీమీటరు తేడా ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్ లేదా ఎయిర్ పిస్టల్ బోరు 4.5 ఎం.ఎం.కు, అంటే .177 అంగుళానికి, మించినా, గొట్టం నుంచి వెలువడే గుండు శక్తి 20 జౌళ్లకు మించినా దానికి లైసెన్సు కావాలి. ఈ రెంటిలో ఏ ఒక్కటి దాటినా సరిపోతుంది. లైసెన్సు లేకుండా అటువంటిది దగ్గర ఉంచుకుంటే 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్‌ను ఉల్లంఘించినట్టే అవుతుంది, 25వ సెక్షన్ కింద జైలుశిక్షకు దారితీస్తుంది. అమ్మినవాడు మోసం చేశాడన్నది కొన్నవాడు కోర్టులో చెప్పుకోవలసిన మాటే తప్ప, ఇంట్లో ఆయుధం దొరికిన రోజున పోలీసులను వెనక్కి పంపగలిగిన మాట కాదు. అందుకే డబ్బు చేతులు మారకముందే గొట్టం మీది అంకెలు స్వయంగా చదవండి. బోరు, మోడల్, సీరియల్ నంబరు బిల్లులో రాయించండి, జౌళ్ల లెక్కకు తయారీదారు ఇచ్చిన కాగితం అడగండి. రాయడానికి దుకాణదారు వెనకాడితే అక్కడి నుంచి వచ్చేయండి.

మేము తిరిగి వెళ్లినప్పుడు ఆ దుకాణదారు గొడవ పడలేదు, పైగా ఎంతో మర్యాదగా మాట్లాడారు. డబ్బు వాపసు ఇవ్వడం తమ పద్ధతి కాదంటూనే, “మీకు అంత అనుమానంగా ఉంటే అసలైన రివాల్వరే తీసుకోండి సార్, లైసెన్సు సంగతి మావాళ్లు చూసుకుంటారు, వేరే రాష్ట్రం నుంచి వస్తుంది, మీరు వెళ్లనక్కరలేదు” అన్నారు. నన్ను అడిగితే మొదటి మోసంకన్నా ఇది ప్రమాదకరం. జమ్మూ కశ్మీర్‌లో 2012–16 మధ్య జారీ అయిన రెండు లక్షలకు పైగా లైసెన్సులపై సీబీఐ దర్యాప్తు జరిపింది, అందులో బయటి వ్యక్తులకు డబ్బు తీసుకుని ఇచ్చారన్న ఆరోపణలే ప్రధానం. లైసెన్సు కావాలంటే కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరుకు, లేనిచోట జిల్లా మెజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, మీరే దరఖాస్తు పెట్టుకోవాలి. 21 ఏళ్లు నిండి ఉండాలి, స్థానిక స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళ్లాలి. మంజూరైన ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేస్‌లో ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు, ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. దగ్గరి దారి చూపిస్తానన్నవాడు ఆ దారిలో మీతో పాటు నడవడు.

ఇక ఇంటి రక్షణకు ఏది పనికొస్తుందన్న విషయం. ఎయిర్ రైఫిల్ గుండు కంటికి తగిలితే చూపు పోతుంది, దగ్గర నుంచి కొడితే ప్రాణం మీదికీ రావచ్చు. అయినా గడ్డపారతో తలుపు పగలగొడుతున్న ముఠాను అది ఆపదు, రెచ్చగొడుతుంది. లైసెన్సు మీద సామాన్యులకు దొరికేవి ప్రధానంగా .32 రివాల్వర్లు, పిస్టళ్లు, 12 బోరు తుపాకులు. 9 ఎం.ఎం. పిస్టల్ నిషిద్ధ బోరు, అంటే సామాన్యులకు దొరకనిది. ఎవరైనా దాన్ని ఇస్తామంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

పల్నాడులోని మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచి లైసెన్సుతో 12 బోరు డబుల్ బ్యారెల్ ఉంది కాబట్టి తూటాల గురించి కొంత చెప్పగలను. పాత తుపాకుల్లో చాలావాటికి తూటా పెట్టే గది (చాంబర్) 65 ఎం.ఎం. తూటాకు తగినట్టు ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే 70 ఎం.ఎం. తూటా అందులో ఇబ్బంది లేకుండా దిగిపోతుంది కనుకనే మోసపోతారు. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీద గది పొడవు చూడకుండా తూటాలు ఇచ్చే అమ్మకందారు వ్యాపారం తెలియనివాడు. మన కోస్తా తేమకు పాత కాగితపు తూటాలు ఉబ్బిపోతాయి, అటువంటివి తక్కువ ధరకు ఇస్తామన్నా వద్దు. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు ఇంకొకటి ఆలోచించాలి. ఎల్.జి., ఎస్.జి. వంటి పెద్ద గుండ్ల తూటాలూ, .32 గుండూ మామూలు ప్లైవుడ్ తలుపును దాటి అవతల గదిలో పడుకున్న మన పిల్లల దాకా వెళ్లగలవు. ఇంటి రక్షణకు పెద్ద గుండే మేలని బల్ల గుద్ది చెప్పే అమ్మకందారు మీ ఇంటి గోడలను చూసి ఆ మాట చెప్పడం లేదు.

మా తుపాకి బీరువాలో, తూటాలు వేరే తాళంలో ఉంటాయి. ఎన్నికల కోడ్ వచ్చిందంటే స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకుంటాం. కొత్త న్యాయ సంహితలోనూ ఆత్మరక్షణ హక్కు అవసరానికి మించిన హాని చేయడానికి ఒప్పుకోదు, కాబట్టి పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చినవాడు ముద్దాయే అవుతాడు. ఇవేవీ ఆ దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఇటువంటి వస్తువు ఇప్పటికే ఇంటికి చేరి ఉంటే దాన్ని అటకెక్కించకండి, ఇంకొకరికి అమ్మకండి. న్యాయవాదిని సంప్రదించి దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లో అప్పగించండి. మేము ముందుగా ఒక న్యాయవాదితో మాట్లాడి, ఆయన రాసిన వినతిపత్రం, బిల్లు, ఆ స్టిక్కరు ఫొటోలు జతచేసి స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాం. డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బిల్లు ఎంత అరకొరగా ఉన్నా పారేయకండి, చెల్లింపు యూపీఐలో జరిగితే ఆ వివరాలు కూడా అచ్చు తీసి ఉంచుకోండి.

మా బావగారు ఆ తర్వాత వెనక తలుపుకు ఇనుప గ్రిల్లు, ప్రహరీ మీద సెన్సర్ లైట్లు పెట్టించుకున్నారు. ఊరు వెళ్లేటప్పుడు తాళం వేసిన ఇంటిపై నిఘా ఉంచమని స్టేషన్‌లో ముందుగా చెప్పి వెళుతున్నారు. దుకాణదారుకు న్యాయవాది నోటీసు పంపారు, జవాబు రాలేదు. గడువు ముగియగానే కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాం. ఇదే పద్ధతిలో స్టిక్కరు అంటించిన పెట్టె కొన్నవారు ఇంకెవరైనా ఉంటే బిల్లు, ఫొటోలతో చెప్పండి, ఫిర్యాదుతో జతచేస్తాం.